పావు మాత్ర సాక్ష్యం

నాకు నా కోపం పూర్తిగా తిరిగొచ్చిన రోజు బాగా గుర్తుంది. మా వీధి కుళాయి దగ్గర ఒకామె నా బిందెను పక్కకు జరిపి తన బిందె పెట్టుకుంది. నేను ఆమె బిందె తీసి కింద పెట్టి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె నోరు తెరుచుకుని చూసింది. అంతకుముందు ఆ కుళాయి దగ్గర ఎవరు ఎన్నిసార్లు నా బిందె జరిపినా నేను ఒక్క మాట అన్నది లేదు. వీధిలో నెమ్మదస్తురాలినని నాకు పేరు. ఆ నెమ్మది నాది కాదు, ఒక చిన్న తెల్ల మాత్రది. ఇంటికొచ్చి బిందె దించుకుని, వంటింట్లో నిలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. కాసేపటికి నవ్వు పోయి మళ్ళీ కోపం వచ్చింది. ఈసారి కుళాయి దగ్గరి ఆమె మీద కాదు, నా కోపాన్ని ఎనిమిదేళ్ళు నాకు దక్కకుండా చేసిన వాళ్ళందరి మీద. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

మాది బేతంచెర్ల. మా ఆయన బండల లారీ నడుపుతాడు. నేను చిన్న ప్రైవేటు బడిలో మూడో తరగతి పిల్లలకు పాఠాలు చెప్తాను. నేల మీద పరిచే బండలను లారీలో పడుకోబెట్టరు. నిలబెట్టి, ఒకదానికొకటి ఆనించి కడతారు. ఉన్నట్టుండి బ్రేకు వేస్తే అన్నీ కలిసి క్యాబిన్ మీదికి వస్తాయి. బద్వేలు దారిలో గేదె అడ్డమొచ్చిన రోజు అట్లాగే వచ్చాయి. ఆయన భుజం విరిగింది, ప్రాణం మిగిలింది.

భుజం అతుక్కున్నాక ఆయన మళ్ళీ లారీ ఎక్కాడు. నేను మాత్రం ఆ లారీ కిందనే ఉండిపోయాను. వీధిలో ఏ హారన్ మోగినా గుండె దడదడలాడేది, ఊపిరి ఆడేది కాదు. బడిలో బోర్డు మీద రాస్తూ రాస్తూ చాక్‌పీసు వదిలేసి గోడ పట్టుకునేదాన్ని. అది నటన కాదు, పిరికితనం కాదు, విశ్వాసం లేకపోవడం అంతకన్నా కాదు. జబ్బు. జబ్బుకు మందు వాడటంలో తప్పేమీ లేదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను.

కర్నూల్లో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు వెళ్ళాం. డాక్టరు నా ముఖం చూశాడో లేదో గుర్తులేదు, ఆయన బట్టతల మాత్రం బాగా గుర్తుంది, ఎందుకంటే నాకు కనబడింది అదొక్కటే. వంచిన తల ఎత్తకుండా చీటీ రాశాడు. పది రోజులు వేసుకుని మళ్ళీ రమ్మన్నాడు. మాత్ర వేసుకున్న మొదటి సాయంత్రమే ప్రపంచం సద్దుమణిగింది. హారన్ వినబడుతోంది, గుండె మాత్రం పట్టించుకోవడం లేదు. నిజం చెప్తున్నాను, ఆ సాయంత్రం ఆ బట్టతలకు మనసులో దండం పెట్టుకున్నాను.

పది రోజుల తర్వాత వెళ్తే డాక్టరు లేడు. కాంపౌండరు చీటీ చూసి, బాగుంటే అవే వాడుకోమన్నాడు. అంతే. పది రోజులు అని ఎందుకు రాశారో, పదకొండో రోజు నుంచి ఏమవుతుందో, ఎప్పుడు ఆపాలో, ఎట్లా ఆపాలో ఒక్కరూ చెప్పలేదు. అన్నం తిన్నాక వేసుకోవాలని మాత్రం రెండుసార్లు చెప్పారు. ఎలా మొదలుపెట్టాలో చెప్పడానికి ఇద్దరున్నారు, ఎలా ముగించాలో చెప్పడానికి ఒక్కడు లేడు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

తర్వాతంతా మా బజారులోని మందుల షాపాయన పుణ్యం. మొదట్లో చీటీ చూసేవాడు. తర్వాత చీటీ నలిగి, మడతల దగ్గర చిరిగి, ఎక్కడో పోయింది. దాని అవసరం కూడా పోయింది. నేను మెట్టెక్కుతుంటేనే ఆయన చెయ్యి పై అరలోకి పోయేది. ఇంతకాలం వాడొచ్చా అని ఒకసారి అడిగాను. "ఏం గాదు మేడం, ఇది నరాల బలానికి. శానామంది వాడతాండారు," అన్నాడు. బలం అనే మాట వినగానే నాకు ధైర్యం వచ్చింది. బలానికి వాడేదాన్ని ఎవరైనా ఎందుకు మానుకుంటారు?

ఒకటి చాలక రెండయ్యాయి. ఒకసారి మైదుకూరులో చుట్టాల పెళ్ళికి పోతూ మాత్రలు ఇంట్లో మరిచిపోయాను. మర్నాటికి చేతులు వణికి, సాంబారు గరిటె పట్టుకోలేకపోయాను. వంట మేస్త్రీ చూసి గరిటె లాక్కున్నాడు. చెవుల్లో హోరు, ఒళ్ళంతా చెమట. మాత్ర లేకపోతే నా జబ్బు ఎంత పెద్దదో చూడు అనుకున్నాను. అది జబ్బు కాదని, మాత్రే నా ఒంట్లో పెట్టిన కొత్త ఆకలి అని నాకేం తెలుసు? ఇంటికొచ్చి పరుగున వంటింట్లోకి పోయి మాత్ర మింగాను. ఆ పూటతో నేను దానికి పూర్తిగా దాసోహమయ్యాను.

మాత్ర భయాన్ని ఒక్కదాన్నే తీసుకుపోదు. దాని పక్కన ఉన్నవన్నీ తీసుకుపోతుంది. తరగతిలో పిల్లల పేర్లు మరిచిపోయేదాన్ని. పొయ్యి మీద పాలు పెట్టి అక్కడే నిలబడి పొంగిపోవడం చూసేదాన్ని. మా నాయన చనిపోయినప్పుడు మట్టికి పోయి, సమాధి పక్కన నిలబడి, అందరి ఏడుపూ విన్నాను. నాకు ఒక్క చుక్క రాలేదు. ఎంత విశ్వాసం, ఎంత నిబ్బరం అని మా చర్చి సంఘంలో అందరూ మెచ్చుకున్నారు. మా నాయన నన్ను భుజం మీద ఎక్కించుకుని బండల గనికి తీసుకుపోయినవాడు. ఆయన కోసం ఏడ్చే హక్కు కూడా నాకు లేకుండా పోయింది. దీనికి మాత్రం నేను ఎవరినీ క్షమించను.

మాది తాతల కాలం నుంచి క్రైస్తవ కుటుంబం. మా గుడిలో, అంటే చర్చిలో, ఒక అలవాటుంది. జబ్బు నయమైతే ఆరాధనలో నిలబడి సాక్ష్యం చెప్తారు. అది ఎప్పటి నుంచో ఉన్నదే, మంచిదే. కొన్నేళ్ళుగా దానికి ఇంకొకటి తోడైంది. నయం కాకముందే, నయమైపోయిందని విశ్వాసంతో సాక్ష్యం చెప్పడం. ముందు నోటితో ఒప్పుకుంటే తర్వాత ఒళ్ళు ఆ మాటను అనుసరిస్తుందని నమ్మకం. నడుము నొప్పికి, కడుపు మంటకు అలా చెప్పిన వాళ్ళను చాలామందిని చూశాను. కొందరికి తగ్గింది కూడా.

మా అత్త స్త్రీల కూటానికి పెద్ద. మంచి మనిషే, కానీ చెప్పిన మాట వెనక్కి తీసుకోవడమంటే ఆమెకు చావుతో సమానం. నేను మాత్రలు మింగడం ఆమెకు మొదటి నుంచీ గిట్టదు. ఉపవాస కూటం జరిగిన ఒక శుక్రవారం, దేవుణ్ణి కాక మీరు దేని మీద ఆధారపడి బతుకుతున్నారో దాన్ని వదిలేయమని మా పాస్టరు అయ్యగారు వాక్యం చెప్పారు. అయ్యగారికి నా మాత్రల సంగతి తెలియదు. ఆయన చెప్పింది వేరే సంగతి. కానీ మా అత్త నన్నే చూసింది. ఎనిమిదేళ్ళలో మొదటిసారి నాకు కూడా రోషం వచ్చింది. లేచి నిలబడి, ఈ రోజు నుంచి నేను నరాల మాత్ర మానేశానని, దేవుడు నన్ను బాగు చేశాడని చెప్పాను. చప్పట్లు, స్తోత్రాలు. మా అత్త కళ్ళు తుడుచుకుంది. ఇంటికి పోయి ఉన్న స్ట్రిప్పులన్నీ ఆమె చేతికిస్తే, పొయ్యిలో వేసేసింది.

ఇప్పుడు నేను ఇరుక్కున్న చోటు చూడండి. మాత్ర వేసుకుంటే నలుగురిలో చెప్పిన సాక్ష్యం అబద్ధమవుతుంది. అబద్ధ సాక్ష్యం చెప్పకూడదని మూడో తరగతి పిల్లలకు కూడా తెలుసు. వేసుకోకపోతే నా ఒళ్ళు నాది కాదు. మర్నాడు చెమటలు మొదలయ్యాయి. ఫ్యాను తిరిగే చప్పుడు చెవిలో మేకులు కొట్టినట్టుండేది. చర్మం కింద చీమలు పాకేవి. రెండు రాత్రులూ కన్ను మూతపడలేదు. ఎలా ఉందని మా అత్త అడిగితే, బాగుందన్నాను. బజారుకు పోయి, షాపు ముందు నుంచి నడిచి, లోపలికి పోకుండా తిరిగొచ్చాను. షాపాయన చెయ్యి అప్పటికే అరలోకి పోయింది. ఊళ్ళో సగం మంది మా సంఘం వాళ్ళే. ఎవరి కంటా పడకుండా ఆ మెట్టు ఎక్కే దారి నాకు దొరకలేదు.

ఆదివారం గుడికి పోయాను. ఆ రోజు ట్రిప్పు లేదు కాబట్టి మా ఆయన కూడా వచ్చాడు. ఆయన భక్తి అంతంతమాత్రం. ఎప్పుడూ వాకిట్లో వేపచెట్టు కింద నిలబడి, పాటలు అయిపోయాక లోపలికి వచ్చే మనిషి. రెండో పాట మధ్యలో డ్రమ్ము చప్పుడు ఒక్కసారిగా దూరమైంది. నా చెయ్యి దానంతటదే పైకి లేవడం చూశాను. తర్వాతది నాకు తెలియదు, చెప్పగా విన్నదే.

పడిపోయి కొట్టుకుంటుంటే ఆత్మ దిగిందన్నారట. పాట ఇంకా గట్టిగా ఎత్తుకున్నారట. చేతులు పెట్టి ప్రార్థన చేశారట. ఎవరో తాళాల గుత్తి తెచ్చి నా గుప్పిట్లో పెట్టారట, అంటే ఆ ఒక్కరికైనా ఇది ఫిట్సని అనుమానం వచ్చిందన్నమాట. మా ఆయన లోపలికి పరిగెత్తుకొచ్చాడు. ఆయన దగ్గర ఒకప్పుడు పనిచేసిన క్లీనరుకు ఫిట్సు వచ్చేవి. "ఇది ఫిట్సు. జరగండప్పా, ఊపిరాడనీండి," అని అందరినీ తోసేసి, నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టాడట. ఏ మనిషికి ఏమైపోతుందోనని నేను ఎనిమిదేళ్ళు మాత్రలు మింగానో, ఆ మనిషే నన్ను ఎత్తుకుని ఆటోలో వేశాడు.

కర్నూలు పెద్దాసుపత్రిలో నాకు తెలివొచ్చేసరికి మంచం పక్కన ఒక లేడీ డాక్టరు నిలబడి, నేను ఏ మందులు వాడతానో మా వాళ్ళను అడుగుతోంది. నా నాలుక కొరుక్కుపోయి వాచింది. మాట రావడం లేదు. మా ఆయన బిక్కమొహం వేశాడు. నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు, ఏం తెలుస్తుంది?

"ఏ మాత్రలూ లేవమ్మా," అంది మా అత్త. "మా కోడలు ఏమీ వాడదు."

ఆమె అబద్ధం చెప్పాలని చెప్పలేదు. నా సాక్ష్యాన్ని కాపాడుతోంది. ఆ మాట నిలబడితే చాలు, కోడలు నిలబడకపోయినా సరే. డాక్టరు తల ఊపి కాగితం మీద రాసుకుంటోంది. తలకు స్కానింగు తీయించాలని నర్సుతో అంటోంది. ఇంకాసేపు ఊరుకుంటే నా జబ్బుకు వేరే పేరు పెట్టేవాళ్ళు, వేరే మందు ఇచ్చేవాళ్ళు, మళ్ళీ ఫిట్సు వచ్చేది. నేను డాక్టరు కోటు అంచు పట్టుకుని లాగాను. వాచిన నాలుకతో మాత్ర పేరు చెప్పాను. ఆమెకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. ఎన్నేళ్ళని అడిగితే ఎనిమిది వేళ్ళు చూపించాను. ఎప్పుడు మానేశావని అడిగితే శుక్రవారం అన్నాను.

ఆమె రాయడం ఆపింది. "ఒక్కసారిగా మానకూడదని మీకు ఎవరూ చెప్పలేదా?" అంది.

ఎవరూ చెప్పలేదు. నేను ఏడవడం మొదలుపెట్టాను. మా నాయనకు రాని ఏడుపు కూడా అందులోనే వచ్చింది. డాక్టరు స్టూలు లాక్కుని కూర్చుని మా ముగ్గురికీ చెప్పింది. ఈ మందు కొద్ది రోజులకైతే మేలు చేస్తుంది. నెలలు, ఏళ్ళు వాడితే ఒళ్ళు దానికి అలవాటు పడిపోతుంది. ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి మళ్ళీ మొదలుపెట్టి, ఆమె చెప్పినప్పుడు చెప్పినంత తగ్గిస్తూ, నెలల తరబడి దిగాలి. తొందరపడకూడదు. అసలు భయానికి వేరే వైద్యం ఉంది, మాట్లాడి నయం చేసేవాళ్ళు ఉన్నారు, అక్కడికీ రావాలి. ఇన్ని మాటలు చెప్పడానికి ఆమెకు పట్టిన సమయం చాలా తక్కువ. ఆ బట్టతల డాక్టరుకు ఆ కాస్త సమయం కూడా లేకపోయింది.

మళ్ళీ మొదలుపెట్టాలి అనేసరికి మా అత్త ముఖం మాడిపోయింది. ఇంటికొచ్చాక, ఎవరికీ కనబడకుండా వేసుకోమంది. అంతవరకూ అణుచుకున్నది అప్పుడు బయటపడింది. నీకు కోడలు కావాలా, సాక్ష్యం కావాలా అని అడిగాను. ఆమె ప్రార్థన గదిలోకి పోయి తలుపేసుకుంది.

షాపాయన దగ్గరికి కూడా పోయాను. కొత్త చీటీ బల్ల మీద పెట్టి, ఇన్నేళ్ళు నరాల బలమని చెప్పి నాకేం అమ్మావని నిలదీశాను. ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"మీరడిగినారు, నేనిచ్చినా. నాదేం తప్పుండాది మేడం?"

చదువుకున్న మనిషివి, నీకు తెలియదా అన్నాను. ఆయన ఇంకొకరికి మందు తీయడానికి పక్కకు తిరిగాడు. ఆ రోజు నుంచి ఆ మెట్టు ఎక్కలేదు.

తగ్గించడం తేలికని ఎవరైనా అంటే నమ్మకండి. ఒకటిన్నర దగ్గర కొన్ని వారాలు, ఒకటి దగ్గర ఇంకొన్ని. ఒక్కోసారి ఒక మెట్టు దిగి అక్కడే ఆగిపోవాల్సి వచ్చేది. బ్లేడుతో మాత్రను సగం చేస్తే ఒక ముక్క పెద్దది, ఒక ముక్క చిన్నది అయ్యేవి. పొడి నేల మీద పడితే ప్రాణం విలవిలలాడేది. చివరికి మా ఆయన కర్నూల్లో మాత్రలు కోసే చిన్న డబ్బా దొరుకుతుందని తెలుసుకుని తెచ్చాడు. వారానికొకసారి ఆయనే కూర్చుని కోసేవాడు. బండలు పట్టే మొరటు చేతులతో అంత చిన్న దాన్ని కోస్తుంటే చూడ్డానికి వింతగా ఉండేది. ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా పోయినవి ఒక్కొక్కటే వచ్చాయి. పిల్లల పేర్లు వచ్చాయి. కూర రుచి వచ్చింది. హారన్ భయం కూడా వచ్చింది, దాంతో ఎలా ఉండాలో నేర్చుకుంటున్నాను. కుళాయి దగ్గర కోపం వచ్చింది.

పావు దగ్గరికి దిగినప్పుడు అయ్యగారు ఇంటికొచ్చారు. అందరూ ఆ ఆదివారం సంగతి ఇంకా గుసగుసలాడుకుంటున్నారు, పూర్తిగా బాగయ్యావు కదా, లేచి సాక్ష్యం చెప్పమ్మా అన్నారు. ఆయన మంచికే అన్నారు. సరే చెప్తానన్నాను. మా అత్త నా వైపు అనుమానంగా చూసింది.

ఆదివారం మైకు పట్టుకుని నిలబడ్డాను. ఇక్కడే నిలబడి మాత్ర మానేశానని చెప్పాను, మానలేదు, ఇంకా వాడుతున్నాను అన్నాను. పది రోజుల మందు ఎనిమిదేళ్ళు ఎలా అయిందో, ఉన్నట్టుండి ఆపితే ఏమైందో, మీరంతా ఆత్మ అనుకున్నది ఏమిటో చెప్పాను. నా గొంతులో మర్యాద లేదని నాకే తెలుస్తోంది. కొంగు ముడి విప్పి, కాగితంలో మడిచిన పావు మాత్ర తీసి అందరికీ చూపించాను. ఇది నేను వేసుకోవలసిన వేళ అని చెప్పి నాలుక మీద పెట్టుకున్నాను.

ముందు వరుసలో మా అత్త లేచింది. నన్ను కూర్చోబెట్టడానికే అనుకున్నాను. ఆమె తన సంచిలోంచి నీళ్ళ సీసా తీసి నా చేతికిచ్చింది.

"నీళ్ళు తాగమ్మే. గొంతుకు అడ్డం పడ్తాది," అంది.

తాగాను. అప్పుడు వెనక వరుసలో ఒక అవ్వ లేచి నిలబడింది. పాలిష్ ఫ్యాక్టరీలో జీవితమంతా బండలు కడిగిన మనిషి, ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటోంది. ఆమె బైబిలు జిప్పు సంచి తెరిచి ఒక స్ట్రిప్పు తీసి పైకెత్తింది.

"టీచరమ్మా, ఇది అదేనా చూడు. నరాల బలానికని ఆ షాపాయన నాకూ ఇస్తాండాడు, పదేండ్లయితాంది. నీకు దేవుడు చూపించినాడు, నాకు నువ్వు చూపిస్తివి. ఈ పొద్దు నుంచే నేనూ మానేస్తాండా. అందరి ముందర చెప్తాండా," అంది.

ఎవరో స్తోత్రం అన్నారు. ఇంకొకరు అందుకున్నారు. చప్పట్లు మొదలయ్యాయి. అవ్వ స్ట్రిప్పును గుప్పిట్లో నలుపుతోంది.

"మానొద్దు," అని అరిచాను. "అవ్వా, మానొద్దు."

మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. ఆ అరుపుకు స్పీకరు కీచుమంది, చప్పట్లు ఆగిపోయాయి. నేను బెంచీల మధ్య నుంచి పరుగున పోయి, ఆమె గుప్పిలి విప్పి, నలిగిన స్ట్రిప్పు తీసి సరిచేసి, మళ్ళీ ఆమె బైబిలు సంచిలోనే పెట్టి జిప్పు వేశాను. రేపు నాతో కర్నూలుకు రమ్మని, అప్పటిదాకా రోజూ వేసుకునేది వేసుకోమని చెప్పాను. అవ్వకు ఏమీ అర్థం కాలేదు, నన్నే చూస్తోంది. మా అత్త వచ్చి ఆమె పక్కన కూర్చుని, ఈ పూట మాత్ర వేసుకున్నావా లేదా అని అడుగుతోంది.